తపాలా ముద్ర

చి.ల.సౌ. మనుమరాలికి ప్రొద్దుటూరు నుంచి జేజినాయన ఆశీర్వదించి వ్రాయునది.

నిశ్చితార్థం నాటి నుంచి పులివెందుల అబ్బాయి కోరిక మీద రాత్రింబవళ్లు ఫోన్ లొకేషన్ పంచుతున్నట్లు గత ఉత్తరం చివర కనిపించిన ఒక్క వాక్యం, ఉద్యోగ విశేషాలన్నిటినీ వెనక్కి నెట్టి జేజినాయన మనసులో నిలిచిపోయింది. అబ్బాయి మంచివాడే, అడిగినదీ ప్రేమతోనే కావచ్చు. అయినా ఇచ్చేది ఏమిటో తెలిసి ఇవ్వాలి.

ఫోన్ ఏ టవర్ నుంచి సిగ్నల్ అందుకుంటున్నదో టెలికాం సంస్థ దగ్గర నమోదవుతుంది. దీనివల్ల మనిషి ఉన్న ప్రాంతం తెలుస్తుందే గాని ఇల్లు తెలియదు, టవర్లు దూరదూరంగా ఉన్నచోట ఆ ప్రాంతం మరీ విశాలమవుతుంది. జీపీఎస్ అనగా ఉపగ్రహాల సంకేతాలను బట్టి ఫోన్ తన చోటును తానే లెక్కగట్టుకునే పద్ధతి. ఆరుబయట అది కొద్ది మీటర్ల తేడాతో చూపగలదు. వాట్సాప్ లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అనే గడువుల్లో దానంతటదే ఆగుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం ఆపేవరకు ఆగని ఏర్పాటు కూడా ఉంది, మనుమరాలు పెట్టుకున్నది అదే. రాత్రి డ్యూటీ రోజుల్లో పిల్ల వేళకు తింటున్నదా అని జేజి బెంగ. ఆ సంగతి మాత్రం మ్యాప్ మీది ఏ చుక్కా చెప్పదు.

చుక్క చెప్పేదాన్ని సరిగ్గా చదవడమూ తేలిక కాదు. 2019 మార్చి 15న పులివెందులలో జరిగిన వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసులో ఒక నిందితుని గూగుల్ టేకౌట్ వివరాలను, అనగా అతని ఖాతాలో గూగుల్ దాచిన సమాచారపు ప్రతిని, సీబీఐ ఆధారంగా చూపగా, అందులోని వేళలు మన కాలమానం కంటే 5 గంటల 30 నిమిషాలు వెనుక ఉండే అంతర్జాతీయ కాలమానంలో ఉన్నాయన్న సంగతి తరువాత వివాదమైంది. నిజానిజాలు న్యాయస్థానం తేలుస్తుంది. అంత పెద్ద దర్యాప్తులోనే వేళ చదవడం మీద ఇంత పేచీ వస్తే, ఇంట్లో కూర్చుని తెర మీద చుక్కను చూసే మనిషి ఒక సాయంత్రపు ఆలస్యాన్ని ఎలా చదువుకుంటాడు?

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో పడుచు రోజుల్లో జేజినాయన చదువురానివారికి ఉత్తరాలు చదివిపెట్టేవాడు. ఇష్టపడినవానితో వెళ్లిపోయిన ఒక కూతురు తల్లికి కార్డు రాసింది, చిరునామా రాయలేదు. అంతా చదివాక, పక్కనే నిలబడిన ఆ పిల్ల అన్న అడిగితే, బిళ్ల మీద నల్లగా పడిన గుండ్రటి ముద్రను వెలుతురుకు తిప్పి ఊరి పేరు కూడా చదివినవాడు జేజినాయనే. వారం తిరగకముందే అన్న ఆ ఊరికి వెళ్లాడు. ఆ తరువాత కార్డులు రాలేదు; తల్లి మాత్రం తపాలా వేళకు అరుగు మీదికి వచ్చి కూర్చునేది. రాసిన మనిషి చెప్పదలచుకోనిదాన్ని ముద్ర చెప్పింది. ఫోన్ ఆ ముద్రను ప్రతి అడుగుకూ వేస్తుంది.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. బెయిలు పొందిన నిందితుడైనా గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి తన ఉనికిని దర్యాప్తు అధికారికి తెలుపుతూ ఉండాలన్న షరతు చెల్లదని 2024 జూలై 8న అదే కోర్టు తేల్చింది. నిందితునికే కూడని షరతు బంగారు తల్లికి ఎందుకు? ఈ మాట అబ్బాయికి మనుమరాలే నెమ్మదిగా చెప్పాలి, చెప్పకుండా ఆపేయడం మర్యాద కాదు.

పండుగకు రాత్రి బస్సెక్కినప్పుడు మాత్రం జేజి నిద్రపోదు గనుక ఆమెకు 8 గంటల లొకేషన్ పంపాలి. ప్రొద్దుటూరు బస్టాండులో జేజినాయన కనబడగానే దాన్ని ఆపేయాలి.