ధనబోడు శిల్పసంపద

కృష్ణానది ఉత్తరపు ఒడ్డున ఉన్న చెవిటికల్లు మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేటల వరకు వ్యాపించిన నేల మెట్టసీమ. 2022 వరకు కృష్ణాజిల్లాలో భాగమైన ఈ ప్రాంతం ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. సున్నపురాయి ఈ సీమకు ప్రకృతి ప్రసాదించిన సంపద. జగ్గయ్యపేట పరిసరాలలోని సిమెంటు కర్మాగారాలకు నేడు ఆ రాయే ఆధారం. రెండువేల సంవత్సరాల క్రితం కృష్ణాతీరపు సున్నపురాయి శిల్పుల ఉలికి లొంగి ధర్మబోధ చేసింది.

రాతిని మలచడం ఒక కళ. మలచిన రాతిలో అర్థాన్ని నిలపడం అంతకంటె గొప్ప కళ. ఈ రెండింటిలోనూ ఆరితేరిన ప్రాచీనులలో చైనీయులు అగ్రగణ్యులు. సుమారు ఐదువేల సంవత్సరాల నాడే వారు జేడ్ అనే అపురూపమైన శిలతో నడుమ రంధ్రం గల గుండ్రని బిళ్లలను తయారుచేశారు. తరువాతి కాలంలో ఆ బిళ్ల ఆకాశానికి ప్రతీక అయింది. జేడ్ ఉలి దెబ్బకు లొంగదు. గరుకైన ఇసుకను నీటితో కలిపి, ఎంతో ఓర్పుతో అరగదీస్తేనే అది రూపు దాలుస్తుంది. కన్ఫ్యూషియస్ సంప్రదాయంలో ఆ శిల సజ్జనునికి ఉపమానం. దాని మృదువైన మెరుపు దయకు, అంచులుండి కూడా గాయపరచని లక్షణం ధర్మానికి గుర్తులు. చైనీయులు ఈ విధంగా రాతిలోనే సద్గుణాలను దర్శించారు. కృష్ణాతీర శిల్పులకు దొరికినది సామాన్యమైన రాయి. వారు దానిపై కథను చెక్కి సద్గుణాన్ని బోధించారు. అందుకు జగ్గయ్యపేట స్తూపం నిదర్శనం.

జగ్గయ్యపేట పూర్వనామం బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గన్న పేరిట దీనికి ఈ పేరు పెట్టాడు. ఊరి సమీపంలోని గుట్టను ప్రజలు ధనబోడు అని పిలిచేవారు. ‘ధనమున్న గుట్ట’ అని ఆ మాటకు అర్థం. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపించి బౌద్ధస్తూపాన్ని వెలికితీశాడు. అప్పటికే స్తూపపు రాళ్లు అనేకం ఇతర కట్టడాల కోసం తరలిపోయాయి. మిగిలిన వాటిలో ఒక ఫలకం భారతీయ శిల్పచరిత్రలో సుప్రసిద్ధమైనది. అది క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దం నాటిది. ప్రస్తుతం చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

ఆ ఫలకం నడుమ ఒక చక్రవర్తి నిలిచి ఉన్నాడు. అతని దేహం సన్నగా, పొడవుగా ఉంటుంది. అతడు కుడిచేతిని మేఘాల వైపు చాచాడు. మేఘాల నుండి చతురస్రాకారపు నాణేలు వానగా కురుస్తున్నాయి. చుట్టూ చక్రవర్తికి చిహ్నాలైన సప్తరత్నాలున్నాయి. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, పరిణాయకుడు అనేవే ఆ ఏడు. పండితులు ఈ చక్రవర్తిని మాంధాతగా గుర్తించారు. పురాణాలలో మాంధాత సూర్యవంశపు రాజు, యువనాశ్వుని కుమారుడు.

బౌద్ధ జాతకకథలో మాంధాత చేయి చరిస్తే మోకాలిలోతున రత్నాలు కురిసేవి. అయినా అతనికి తృప్తి కలుగలేదు. భూలోకం చాలక స్వర్గానికి వెళ్లాడు. శక్రుడు, అనగా ఇంద్రుడు, తన రాజ్యంలో సగం ఇచ్చాడు. మాంధాతకు అదీ చాలలేదు. ఇంద్రుని చంపి స్వర్గమంతా తానే ఏలాలనుకున్నాడు. ఆ దురాశే అతనిని కృశింపజేసింది. చివరికి భూమిపై పడి మరణించాడు. శిల్పి ఆ పతనాన్ని చెక్కలేదు. ధనం కురుస్తున్న వైభవక్షణాన్నే చెక్కాడు. కథ తెలిసినవారు ఆ చాచిన చేతిలో ఐశ్వర్యంతో పాటు తీరని ఆశను కూడా చూస్తారు.

సుమారు మూడు శతాబ్దాల తరువాత, ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలనాసంవత్సరంలో ఇదే స్తూపానికి మరొక దానం లభించింది. దాత రాజు కాడు, సిద్ధార్థుడనే శిల్పి. అతని తండ్రి నాకచందుడు కూడా శిల్పియే. తూర్పు ద్వారం వద్ద సిద్ధార్థుడు ఐదు ఆయక స్తంభాలను నిలిపినట్లు ప్రాకృత శాసనం తెలుపుతున్నది. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, జ్ఞానోదయం, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు ఆయక స్తంభాలు ప్రతీకలు. శాసనంలో అతడు ముందుగా తల్లి నాగిలనిని, తరువాత భార్య సముదనిని, బిడ్డలను, తమ్ముని కుటుంబాన్ని పేర్కొన్నాడు. సకల జీవుల హితం కోసం, సుఖం కోసం ఈ దానం చేసినట్లు చెప్పుకొన్నాడు.

ప్రాచీన శిల్పులలో అత్యధికుల పేర్లు మనకు తెలియవు. మాంధాతను మలచిన శిల్పి పేరు కూడా ఆ ఫలకంపై లేదు. అందువల్ల సిద్ధార్థుని శాసనానికి విశేష ప్రాముఖ్యం ఉంది. ఒకే స్తూపంలో రెండు దృశ్యాలు మనకు కనిపిస్తాయి. ధనవర్షం కురిసినా తనివి తీరని చక్రవర్తి ఒకడు. ఉలితో సంపాదించిన దానిని అందరి మేలు కోరి సమర్పించిన శ్రమజీవి మరొకడు. ధనబోడులో దాగిన నిజమైన ధనం ఈ వివేకమే.

కఠిన పదాలు – అర్థాలు

ఆయక స్తంభాలు : స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున నిలిపే కంబాలు
గృహపతి : చక్రవర్తి ధనాన్ని చూచే కోశాధికారి
పరిణాయకుడు : చక్రవర్తికి దారి చూపే మంత్రి
మహాభినిష్క్రమణం : సత్యాన్వేషణకై ఇల్లు విడిచి వెళ్లడం

ప్రశ్నలు

1. జేడ్ శిలను చైనీయులు సజ్జనునితో ఎందుకు పోల్చారు?
2. మాంధాత ఫలకంలోని శిల్పాన్ని వర్ణించి, దాని సందేశాన్ని వివరించండి.
3. మాంధాతను, శిల్పి సిద్ధార్థుని పోల్చి మీ అభిప్రాయం రాయండి.