ప్రశ్నను విడిచిపెట్టు విద్య

ప్రవేశపరీక్ష వ్రాసి వెలుపలికి వచ్చిన విద్యార్థిని పలుకరించినచో మొట్టమొదట వినవచ్చు మాట "టైం సరిపోలేదు" అనునదే. ధారూరు మండలపు పల్లెలనుండి వికారాబాదు, తాండూరు జూనియర్ కళాశాలలకు నిత్యము రైలులోనో బస్సులోనో పోయి వచ్చుచు చదువుకొను పిల్లలు మొదలుకొని, నగరమందలి హాస్టళ్లలో తెల్లవారుజాము స్టడీ అవర్లకు లేపబడు పిల్లల వఱకు అందఱిదియు ఈ ఒక్క ఫిర్యాదే. అది అసత్యమని అనను గాని, నాకు తోచినంతవఱకు అందు సగమే సత్యము.

2024లో ఈఏపీసెట్ అని పేరు మార్చుకొనినను జనవ్యవహారమున నేటికిని ఎంసెట్‌గానే చెల్లుచున్న పరీక్షలో, ఇంజనీరింగు విభాగమున గణితమునకు 80, భౌతిక రసాయన శాస్త్రములకు చెఱి 40 చొప్పున, మొత్తము 160 ప్రశ్నలకు గడువు 180 నిమిషములు. భాగించి చూచినచో ప్రశ్నకు 67.5 సెకనులు. ఈ లెక్క విని గుండె జారవిడుచుకొననక్కఱలేదు. ఏలయన ఏ ప్రశ్నయు సరిగా అంతకాలమే కోరదు. పాఠ్యపుస్తకపు వాక్యమునే త్రిప్పి అడిగిన రసాయనశాస్త్రపు ప్రశ్న పదిహేను సెకనులలో తీరిపోవును. సమాకలనములోని మొండి లెక్క యొకటి నాలుగు నిమిషములు మ్రింగియు లొంగదు. "ఇది నిన్న చేసిన మోడలే గదా, ఎందుకు రాదు?" అని పంతము పట్టి, రఫ్ కాగితమున మూడవమాఱు కొట్టివేసి నాలుగవమాఱు మొదలుపెట్టు ఆ క్షణముననే, చివరన తనకు కంఠతా వచ్చిన పది ప్రశ్నలు చదువబడకయే మిగిలిపోవుచున్నవని విద్యార్థి ఎఱుగడు. సంవత్సరము పొడుగునను ప్రశ్నను సాధించుటయే నేర్పిన మన కళాశాలలు దానిని విడిచిపెట్టుటను పాఠముగా చెప్పవు. కాలపు ఒత్తిడికి విరుగుడు అందే ఉన్నదని నా అభిప్రాయము.

ఈ పరీక్షలో తప్పు జవాబునకు మార్కు కోత లేదు. కావున రెండుమాఱులు చదివినను దారి కనబడని ప్రశ్నకు అప్పటికి మంచిదని తోచిన జవాబును గుర్తించి, సేవ్ చేసి, దాని సంఖ్యను రఫ్ కాగితపు మూలను వ్రాసికొని ముందునకు సాగవలెను. మరల వచ్చుటకు వ్యవధి దొరకినచో సరి. దొరకకున్నను ఖాళీ మిగులలేదు. విభాగములకు వేర్వేఱు గడువులు లేవు గనుక రసాయనశాస్త్రమును 30 నిమిషములలో ముగించి, భౌతికశాస్త్రమునకు 45, గణితమునకు 90 కేటాయించినచో, ఆ మూలను వ్రాసికొన్న సంఖ్యలను మరల చూచుటకు 15 నిమిషములు మిగులును. గణితముననే దిట్టయైనవాడు దానితోనే ఆరంభించుట కద్దు. అది స్వభావమును బట్టి మాక్ టెస్టులలో తేల్చుకొనవలసిన విషయము.

నాలుగు జవాబులు ముందే యిచ్చిన పరీక్షలో లెక్కను ఆమూలాగ్రము చేయుటయు ఒకప్పుడు దుబారాయే. 1, 3, 5 మొదలగు బేసిసంఖ్యల వర్గముల మొత్తము ఎన్ పదముల వఱకు ఎంత అని అడిగినారనుకొనుడు. గణితానుగమనమును స్మరించి సూత్రము రాబట్టబోయినవానికి రెండు మూడు నిమిషములు పట్టును. ఎన్ స్థానమున 2 ఉంచి చూచినవానికి, ఒకటియు తొమ్మిదియు కలిసి పది గదా, పది రాని జవాబులన్నియు క్షణములో తొలగిపోవును. అప్పటికిని రెండు మిగిలినచో 3 ఉంచిన చాలును. అప్పుడు 35 రావలెను. బోర్డు పరీక్షలో ఈ పని చేసినచో మార్కులు రావు. ఇచ్చట సోపానములు చూచువారెవ్వరును లేరు.

తెలుగు మాధ్యమమున చదివినవారికి ఇంకొక సూక్ష్మమైన కాలవ్యయము కలదు. తెరపై ఆంగ్లపాఠమును తెలుగుపాఠమును రెండును కనబడుచుండుటచే, కొందఱు నమ్మకము చాలక ప్రతి ప్రశ్నను రెండు భాషలలోను చదువుదురు. పరావలయమని చదివికొన్నవాడు పరావలయముననే ఉండి, అర్థము సందిగ్ధమైనచోట మాత్రమే రెండవదాని వంక చూచుట మేలు.

ఈ అలవాట్లనే నీట్‌కును జేఈఈ మెయిన్‌కును మోసికొనిపోవుట ప్రమాదము. 2025 నుండి నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషములే. అందులోనే ఓఎంఆర్ పత్రముపై వృత్తములు పెన్నుతో నింపవలెను. రెండింటను సరియైన జవాబునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత. నాలుగు ప్రశ్నలకు గ్రుడ్డిగా గుర్తించినచో సగటున ఒకటి తగిలి నాలుగు వచ్చి, మూడు పోయి, మిగులునది ఒక్క మార్కు. అదియు అదృష్టము సమముగా నడచినప్పటి మాట. రెండు జవాబులను నిశ్చయముగా త్రోసివేయగలిగినప్పుడు మాత్రము సాహసింపవచ్చును. మూడు పరీక్షలును వ్రాయువారు ఏ వారమున ఏ పరీక్షయో ఆ వారము ఆ పద్ధతి మాక్ టెస్టులే వ్రాయుట శ్రేయస్కరము.

అభ్యాసము గుఱించి ఒక మాట. మన ప్రాంతమున ఎండకాలమున షాబాదు బండల చల్లదనము కోరి నేలపై బోర్లపడుకొని, నడుమ లేచి మంచినీళ్లు త్రాగి, ఫోను చూచి లెక్కలు చేయుట పిల్లలకు పరిపాటి. చదువుకొనుటకు అది హాయియే. కాని కాలముతో పోరాడు నేర్పు దానివలన రాదు. వారమునకు రెండుమాఱులైనను కుర్చీలో కూర్చుండి, లేవక, మూడు గంటలు పూర్తి పేపరు వ్రాసి, ఏ ప్రశ్నవద్ద ఎంతసేపు నిలిచిపోయినది తరువాత గుర్తుపెట్టుకొనవలెను. మార్కులకన్న ఈ రెండవ లెక్కయే అధికముగా నేర్పును. ఎంసెట్‌లో ఉదయపు సెషన్ 9 గంటలకు, మధ్యాహ్నపుది 3 గంటలకు ఆరంభమగుట ఆనవాయితీ. నగరమున కేంద్రము పడి ఉదయపు సెషన్ వచ్చినవారు తెల్లవాఱుజాము రైలును నమ్ముకొనక, ముందురోజు సాయంకాలమే బంధువుల యింటికి చేరుట మంచిది. నిమిషము ఆలస్యమైనను గేటు తెఱవరు. మధ్యాహ్నము వచ్చినవారు చివరి రెండు వారములును ఆ 3 గంటలకే మాక్ టెస్టుకు కూర్చుండవలెను; భోజనానంతరపు కునుకు అలవాటైన కన్నులు పరీక్షనాడు మాత్రము మేలుకొనియుండునని ఆశించుట కష్టము.