రణగొణధ్వనియా? రసధ్వనియా?

సంగీతమునకు శ్రుతి తల్లి, లయ తండ్రి అని పెద్దలు చెప్పుదురు. ఆ తల్లిదండ్రుల నిరువురను ధిక్కరించినట్లు వినబడు ఒక సంగీతము నేడు వనస్థలిపురము, దిల్‌సుఖ్‌నగరముల నుండి మన కళాశాలకు వచ్చు విద్యార్థులలో కొందరి చెవుల మ్రోగుచున్నది. పంక్, మెటల్, జాజ్ అను మూడింటిని కలిపి వాయించు చిన్న బృందముల సంగీతమది. పెద్ద కంపెనీల ప్రచారము లేక, చిన్న వేదికలపై, చేతులు మారిన క్యాసెట్ల వలన పెరిగినది కావున దీనిని ‘భూగర్భ సంగీతము’ అందురు. ఇది వట్టి గోలయని త్రోసిపుచ్చవచ్చునా? విచారింతము.

ముందుగా మూడు పాయల స్వరూపము. జాజ్ 20వ శతాబ్ది ఆరంభమున అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమందు నల్లజాతి కళాకారుల నడుమ రూపొందినది. మన రాగాలాపనమునకు వలె మనోధర్మమే దానికి ప్రాణము. మెటల్ 1970లో బర్మింగ్‌హామ్ కార్మికవాడల బిడ్డలైన ‘బ్లాక్ సబ్బత్’ వారి తొలి ఆల్బముతో స్పష్టరూపము దాల్చినది. గిటారు నాదమును విద్యుత్తుతో చిక్కబరచి గంభీరమొనర్చుట దాని లక్షణము. పంక్ 1976 ప్రాంతమున న్యూయార్క్, లండన్ నగరములలో చెలరేగినది. కొద్దిపాటి స్వరములు, మిక్కుటమైన వేగము, సూటియైన మాట, ఇదియే దాని వ్యాకరణము.

ఈ మూడును పరస్పర విరుద్ధములని పైకి తోచును. చరిత్ర అట్లు చెప్పుట లేదు. బ్లాక్ సబ్బత్ గిటారు వాదకుడు టోనీ అయోమీ యౌవనమున రేకుల కర్మాగారములో కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలను కోల్పోయెను. ఇక వాయింపజాలనని క్రుంగిన అతనికి అచటి పై అధికారి జాంగో రైన్‌హార్ట్ రికార్డును వినిపించెను. అగ్నిప్రమాదమున రెండు వ్రేళ్ళు పనికిరాకపోయినను గిటారు విడువని జాజ్ విద్వాంసుడాయన. ఆ ధైర్యముతో అయోమీ వ్రేళ్ళకు తొడుగులు చేసికొని మరల వాద్యము పట్టెను. మెటల్ పుట్టుకకే జాజ్ చేయూత కలదన్నమాట!

వాషింగ్టన్‌కు చెందిన నల్లజాతి యువకులు కొందరు మొదట ‘మైండ్ పవర్’ అను పేర జాజ్ ఫ్యూజన్ సాధన చేసి, పిదప పంక్ వైపు మరలి ‘బ్యాడ్ బ్రెయిన్స్’ అయిరి. వారి తొలి ఆల్బము 1982లో క్యాసెట్టుగా వెలువడెను. అంతటి వేగమునను తాళము చెదరకుండుటకు ఆ పూర్వసాధనయే కారణమని మా అభిప్రాయము. న్యూయార్క్‌లో సాక్సఫోను వాదకుడు జాన్ జోర్న్ 1988లో ‘నేకెడ్ సిటీ’ బృందమును నెలకొల్పెను. వారి 1990 నాటి ఆల్బములో 26 అంశములు కలవు. వానిలో పెక్కు నిమిషమైనను సాగవు. అష్టావధాని ఒక పృచ్ఛకుని నుండి మరియొకని వైపు మరలునట్లు, ఐదుగురు వాదకులు జాజ్ నుండి పంక్‌నకు ఒక్క క్షణమున మరలుదురు. కఠోరాభ్యాసము లేనిదే ఇది సాధ్యమా?

మన నగరమునకును ఈ భూగర్భ ధారతో సంబంధము కలదు. హైదరాబాదు బృందమైన ‘గాడ్‌లెస్’ 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అను ఆల్బమును వెలువరించినది. అది ముఖ్యముగా మెటల్ బృందమే. ఆ పేరు మాబోటి ఆస్తికులకు రుచింపకపోవచ్చును. కాని పేరు వేరు, వాద్యనైపుణ్యము వేరు.

భిన్నలయల కలయిక మనకు క్రొత్తయా? యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా సంతతివారగు సిద్దీలు నిజాము సైన్యమున చేరిరి. వారితో వచ్చిన లయలే హైదరాబాదీ మర్ఫాగా స్థిరపడినవి. నేడు పెండ్లి బారాతులలో మర్ఫా మ్రోగగనే మతభేదము లేక పాదములు కదలుచున్నవి. దానిని గోలగా ఎంచువారును లేకపోలేదు.

కావున మిశ్రమమునకు గీటురాయి ఒక్కటే. కలుపబడిన ప్రతిదాని వ్యాకరణము నెరిగి కలిపినచో రసధ్వని, ఎరుగక కలిపినచో రణగొణధ్వని. బృందము కట్టదలచిన విద్యార్థి ముందు తాళము నేర్వవలెను. తీర్పు చెప్పదలచిన పెద్ద ముందు ఒక్క పాటనైనను తుదిదాక వినవలెను. కుడినుండి ఉర్దూను, ఎడమనుండి తెలుగును ఒకే అట్టలో చదువుకొను మనకు ఇది కష్టము కారాదు.