ఎయిడెడ్ బడి నేర్పిన లెక్కలు

అనంతపురం జిల్లాలో ఎయిడెడ్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ప్రైవేటు బళ్లకు సర్కారు సొమ్ము ఇవ్వాలా వద్దా అని కుర్ర టీచర్లు అడుగుతుంటారు. నాకు తెలిసింది చెబుతాను.

1. సొమ్ము దేనికి పోతుందో ముందు చూడండి. ఎయిడెడ్ బడీ ప్రైవేటుదే. దానికో కమిటీ, ఓ కరస్పాండెంటు ఉంటారు. సర్కారు గ్రాంటు మాత్రం సిబ్బంది జీతాలకే వచ్చేది. అందుకే పిల్లల మీద ఫీజు భారం పడేది కాదు.

2. కరువు సీమలో ఫీజు కట్టడం వానను బట్టి ఉంటుంది. ఇక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప, అదీ అదునుకు రాదు. శెనక్కాయ ఊడ దిగే వేళకు వాన మొహం చాటేస్తే విత్తనాల అప్పు, ఎరువుల అప్పు, బడి ఫీజు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోతే పిల్లలు అవ్వ దగ్గర మిగులుతారు. ఒకసారి ఓ ముసలామె కొంగుముడి విప్పి, నలిగిన నోట్లు నా బల్ల మీద పరిచింది. "మావాడు పండక్కి వస్తాడు సార్, మిగతాది అప్పుడు కడ్తాడు. టీసీ ఇప్పించండి" అంది. ఆ డబ్బు మాకు కట్టాల్సింది కాదు, మనవడు అంతకుముందు చదివిన ప్రైవేటు బడి బాకీ. పిల్లవాణ్ణి ముందు క్లాసులో కూర్చోబెట్టి, టీసీ సంగతి తర్వాత చూశాం. జీతం సర్కారు ఇచ్చే బడికే ఆ ధైర్యం ఉంటుంది.

3. తల్లి ఖాతాలో వేసినా అది సబ్సిడీయే. 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనం పథకాల డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ అందింది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్లు పేద పిల్లలకు ఇవ్వాల్సిన 25 శాతం సీట్లకు 2023లో పల్లెల్లో 6,500 రూపాయల ఫీజు ఖరారు చేసి, దాన్ని అమ్మఒడి డబ్బులోంచి కట్టమన్నారు. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకోవడమంటే ఇదే. తల్లికిచ్చింది ఇంటి ఖర్చుకని మనం మురిసిపోయాం.

4. గ్రాంటు ఒక్కసారిగా తీసేస్తే దెబ్బ పిల్లలకే. 2021లో ఎయిడెడ్ సంస్థలను ఆస్తులతో సహా అప్పగించండి, లేదా సిబ్బందిని వదులుకొని సొంతంగా నడుపుకోండి అని సర్కారు అంది. దీనికి నిరసనగా నవంబరు 8న అనంతపురం ఎస్సెస్బీఎన్ కాలేజీ దగ్గర విద్యార్థులు రోడ్డెక్కారు. లాఠీ దెబ్బ అని పిల్లలు, రాయి దెబ్బ అని పోలీసులు అన్నారు. ఎవరి మాట ఎలా ఉన్నా ఓ ఆడపిల్ల తల పగిలింది. ఆ వారంలోనే, యాజమాన్యాలు ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని సర్కారు మెమో ఇచ్చింది.

5. కమిటీల వాళ్లంతా పుణ్యాత్ములు కారు. పోస్టుకు బేరం పెట్టినవాళ్లనూ చూశాను. దానికి మందు తనిఖీ. బడి మూసేయడం కాదు.

6. నా తీర్పు: సర్కారు బళ్లలో ఖాళీలు నింపాకే ప్రైవేటు మాట. ఇచ్చేది ఫీజుకు కాదు, అయ్యవారి జీతానికి ఇవ్వాలి. అదీ ఫీజు అడగని, ఏ బిడ్డనూ వెనక్కి పంపని బడికే. మీ ఊళ్లో ఎయిడెడ్ బడి ఇంకా మిగిలి ఉంటే, అందులో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో కనుక్కొని మీ ఎమ్మెల్యేను అడగండి.