రక్తం చెప్పేదెంత? చెప్పనిదెంత?

"రక్తపరీక్ష బాగానే వచ్చింది, ఇక రొమ్ములో గడ్డ గురించి భయం లేదు" అనుకునేవారు మన ఊళ్ళల్లో ఉన్నారు. రిపోర్టులో సి.ఆర్.పి. ఎక్కువ ఉంటే క్యాన్సరేమోనని బెంబేలెత్తేవారూ ఉన్నారు. ఈ రెండూ అపోహలే. ఎందుకో బై.పి.సి. చదువుతున్న మేము తెలుసుకున్నంతలో వివరిస్తాం.

వాపు ఎందుకు వస్తుంది?

కాలిలో ముల్లు దిగితే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పెడుతుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఇది శరీర రక్షణ చర్య. ఆ సమయంలో తెల్ల రక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత పదార్థాలను వదులుతాయి. వాటి ప్రభావంతో కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. అదే సి.ఆర్.పి. దీన్ని 1930లో అమెరికాలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రవేత్తలు న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారు.

క్యాన్సర్ గడ్డల్లో తెల్ల రక్తకణాలు చేరి ఉంటాయని జర్మనీ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కోవ్ 1863లోనే గమనించాడు. ముల్లు తీసేస్తే వాపు తగ్గిపోతుంది. క్యాన్సర్ గడ్డలోనైతే అది ఆరని కుంపటిలా సాగుతూ గడ్డ పెరగడానికే తోడ్పడుతుంది.

కణాల అతుకు

గోడలో ఇటుకలను సిమెంటు పట్టి ఉంచినట్లు, రొమ్ములోని పాలనాళాల కణాలను ఇ-క్యాడ్‌హెరిన్ వంటి ప్రోటీన్లు ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతాయి. ఆ పట్టు సడలితే క్యాన్సర్ కణం విడిపోయి రక్తంలో చేరగలదు.

రక్తనాళాల లోపలి గోడ మీద సెలెక్టిన్లు, ఐక్యామ్-1, వీక్యామ్-1 అనే మరికొన్ని అతుకు అణువులుంటాయి. తెల్ల రక్తకణాలు వీటిని పట్టుకునే నాళం దాటి గాయం దగ్గరకు వెళతాయి. క్యాన్సర్ కణాలు కూడా ఇదే దారిని వాడుకుని ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి చేరగలవు. ఈ అణువుల ముక్కలు తెగి రక్తంలో తేలుతుంటాయి. వాటిని ఎలైసా పరీక్షతో కొలవవచ్చు. వ్యాధి ముదిరిన రోగుల్లో ఇవి పెరిగినట్లు పలు పరిశోధనల్లో కనిపించింది.

మరి ఈ పరీక్షతో తేల్చవచ్చా?

తేల్చలేం. జ్వరం, కీళ్ళవాతం, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారిలోనూ ఇవి పెరుగుతాయి. పైగా తొలిదశ క్యాన్సర్‌లో మామూలుగానే ఉండవచ్చు. పొగ కనబడితే ఎక్కడో మంట ఉందని తెలుస్తుంది గాని, కాలుతున్నది గడ్డివామో పొయ్యిలో కట్టెలో తెలియదు కదా! వ్యాధి నడకను అర్థం చేసుకోవడానికి పరిశోధకులకు ఇవి ఉపయోగపడుతున్నాయి. గడ్డ స్వభావాన్ని తేల్చేది మాత్రం డాక్టరు చేతి పరీక్ష, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, చివరగా గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ.

మనం చేయవలసింది

తొలిదశలో గడ్డ చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి లేదు గనుక కూలిపని మానుకుని ఆసుపత్రికి పోవడమెందుకని అమ్మలు ఊరుకుంటారు. సిగ్గుతో ఎవరికీ చెప్పరు. గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా వెంటనే చూపించుకోవాలి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. ముందుగా గుర్తిస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు అమ్మకు, అక్కకు, పెద్దమ్మకు చెబుదాం. మనం చదివే చదువు ముందుగా మన ఇంటికి ఉపయోగపడాలి.