విలన్ అంటే ఎవరు?
ఫిల్మ్ నగర్ సినిమాల్లో మనమంతా అసహ్యించుకునే పాత్ర విలన్. ఈ ఇంగ్లీషు మాటకు దుర్మార్గుడు అని అర్థం. కానీ దీని పుట్టుక వేరు. లాటిన్‌లో 'విల్లా' అంటే పొలాల మధ్య ఉండే భూస్వామి ఇల్లు. ఆ పొలంలో పనిచేసేవాడు 'విల్లానుస్'. ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దొరల నోట నలిగి పల్లెటూరి కూలీ కాస్తా మోటువాడు, నీచుడు, చివరికి దుర్మార్గుడు అయ్యాడు. మన 'బైతు' అనే మాటలోనూ ఇదే చులకన ఉంది. విల్లాకు మాత్రం గౌరవం తగ్గలేదు. జూబ్లీహిల్స్‌లో విల్లా అంటే నేటికీ ధనవంతుల ఇల్లే!

1975 నాటి 'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు వేసిన విలన్ కూలీ కాదు, కాంట్రాక్టరు. కూలీల బిడ్డలమైన మనం ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ మాటను చెడగొట్టింది కూలిపని కాదు, కూలివాణ్ణి చిన్నచూపు చూసినవాళ్లు. ఎవరినైనా తిట్టే ముందు ఆ తిట్టు ఒకప్పుడు ఎవరి పేరో తెలుసుకుందాం.