ఇయర్ మఫ్స్‌తో హెడ్‌ఫోన్లు చేసుకోవచ్చా?

ప్రశ్న: నేను డ్రమ్స్ సాధన చేస్తాను. ఫ్యాక్టరీల్లో వాడే ఇయర్ మఫ్స్‌లో పాత హెడ్‌ఫోన్ల స్పీకర్లు అమర్చుకోవచ్చా?

జవాబు: అమర్చుకోవచ్చు. 40 మిల్లీమీటర్ల స్పీకర్లు చాలా మఫ్స్‌ కప్పుల్లో పడతాయి. లోపలి స్పాంజిని పారేయకండి. స్పీకరు పట్టేంత మేర కత్తిరించి, చెవివైపు తిప్పి అందులో కూర్చోబెట్టండి. వైరు లాగినా టంకం ఊడకుండా లోపల ముడి వేయండి. వైరు కోసం కప్పుకు పెట్టిన రంధ్రాన్ని సిలికాన్‌తో పూర్తిగా మూసేయండి. సన్నని సందున్నా బయటి మోత లోపలికొస్తుంది, పాటలో బేస్ తగ్గుతుంది. కళ్లజోడు కాడలతోనూ ఇదే ఇబ్బంది.

కప్పుకు రంధ్రం పెట్టాక పెట్టెమీద రాసిన డెసిబెల్ రక్షణకు హామీ ఉండదని గుర్తుంచుకోండి. రోజూ 8 గంటలు 85 డెసిబెల్స్‌ దాటిన శబ్దం వింటే వినికిడికి ముప్పు. బయటి మోత తగ్గింది కాబట్టి వాల్యూమ్ కూడా తగ్గించుకోండి. చెవులకు అసలు మేలు అదే.